ముందు చక్రాల డిస్క్ బ్రేక్ కాలిపర్ విప్పడం, బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిపర్ (బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లతో డిస్క్‌ని రెండువైపులా నొక్కి పట్టే భాగం) గురించి అడిగేవాళ్లంతా తిప్పి తిప్పి అవే డౌట్లు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేశాను. ఇదంతా మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మామూలు కార్ల గురించి, అంటే ముందు చక్రానికి ప్యాడ్‌ని తోసే పిస్టన్ ఒక్కటే ఉండి, రెండు గైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరిగే కాలిపర్ గురించి. వరసగా చదవక్కర్లేదు, మీ పని ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్లి చూసుకోండి. బోల్టు సైజులు, బిగింపు లెక్కలు కారు కారుకీ మారతాయి కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్ ఫోన్‌లో దగ్గర పెట్టుకోండి. బ్రేకుల దగ్గర "దాదాపు ఇంతే ఉంటుందిలే" అనే లెక్క పనికిరాదు.

## విప్పేముందు

"కాలిపర్ జామ్ అయింది, మార్చాలి" అన్నాడు మెకానిక్. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?

జామ్ అయిన మాట నిజమే కావచ్చు, కానీ మార్చాల్సింది కాలిపరేనా అన్నది చూసుకోవాలి. నేను చూసినంతలో ఎక్కువసార్లు తప్పు గైడ్ పిన్నులది, అంటే శుభ్రం చేసి గ్రీజు పెడితే పోయే జబ్బు.

కాలనీలో కాసేపు తిప్పి, బ్రేకు పెద్దగా వాడకుండా ఆపి, రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకవైపే సెగ కొడుతుంటే ఆ వైపు బ్రేకు పట్టుకునే ఉంది. తర్వాత జాకీ వేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే, కాలిపర్ మీద ఉండే బ్లీడర్ నిప్పల్‌ని (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరని) అర చుట్టు వదులు చేయండి. కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే ఫ్రీ అయిందంటే లోపల ప్రెషర్ చిక్కుకుపోయిందని అర్థం. అప్పుడు ముందు అనుమానించాల్సింది కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు పైపుని. పాతబడిన పైపు లోపలి పొర ఉబ్బిపోయి ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు, పైకి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది. కాలిపర్ మార్చినా నెల తిరిగేసరికి మళ్లీ అదే కంప్లయింట్ వచ్చే బళ్లలో సంగతి తరచుగా ఇదే. నిప్పల్ వదిలినా చక్రం కదలకపోతే పిస్టనో, పిన్నులో పట్టేసినట్టు.

ప్యాడ్లు విప్పాక ఇంకా తేటగా తెలుస్తుంది. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది దిట్టంగా ఉంటే కాలిపర్ పిన్నుల మీద జరగట్లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా ఏటవాలుగా అరిగితే రెండింట్లో ఒక పిన్ను పట్టేసి ఉంటుంది. రెండు ప్యాడ్లూ సమానంగానే అరిగి, అవతలి చక్రం ప్యాడ్లకన్నా బాగా తక్కువ మిగిలితే అప్పుడు పిస్టన్ మీద, పైపు మీద దృష్టి పెట్టండి.

బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోంది. ఎడమ కాలిపరే పోయినట్టా?

కాదు, చాలాసార్లు పోయేది కుడిది. కుడివైపు బ్రేకు సరిగా పట్టకపోతే ఎడమది ఒక్కటే పనిచేసి బండిని తన వైపు లాగుతుంది. అదే బ్రేకు తొక్కకుండా మామూలుగా వెళ్తున్నప్పుడు కూడా ఎడమకే లాగుతూ, ఆ చక్రం వేడెక్కుతుంటే, ఎడమ కాలిపర్ వదలట్లేదని అర్థం. టైర్లలో గాలి తేడా, అలైన్‌మెంట్ తేడా ఉన్నా బండి లాగుతుంది కాబట్టి ముందు పంచర్ షాపులో గాలి చూపించండి, కాలిపర్ విప్పడం తర్వాత.

ఇది ఇంట్లో చేసుకునే పనేనా?

బ్రేకు పైపు విప్పనంతవరకు చేసుకోవచ్చు. ప్యాడ్లు మార్చడం, పిన్నులకు గ్రీజు పెట్టడం, పిస్టన్ బూటు (దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు) చిరిగిందా అని చూడటం, ఇవన్నీ పైపు కాలిపర్‌కి తగిలించి ఉండగానే అయిపోతాయి. స్టెప్నీ మార్చడం వచ్చినవాళ్లు ఓపిగ్గా కూర్చుంటే వస్తుంది. పైపు విప్పారంటే మాత్రం సిస్టమ్‌లోకి గాలి వెళ్తుంది, బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని ఆయిల్‌తో పాటు బయటికి పంపాలి, అది తప్పితే బ్రేకే ఉండదు. మొదటిసారి చేసేవాళ్లు పైపు విప్పే పనిని తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే పెట్టుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయొచ్చా అన్నా?

నేల సమంగా ఉంటే చేయొచ్చు. ర్యాంప్ మీదా, ర్యాంప్ పక్కన కొంచెం వాలుగా ఉండే స్లాట్‌లోనూ వద్దు. నున్నటి టైల్స్ వేసిన పార్కింగ్‌లో జాకీ జారుతుంది, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు చాలా ఇళ్ల ముందు రోడ్డే వాలుగా ఉంటుంది, అక్కడ బండిని ఎత్తే ఆలోచనే పెట్టుకోవద్దు. వాచ్‌మన్‌కి, పక్క స్లాట్ వాళ్లకి ముందే చెప్పండి, సగంలో ఉండగా "బండి కొంచెం తీస్తారా" అని వస్తారు. సెల్లార్‌లో వెలుతురు చాలదు, తలకు పెట్టుకునే లైట్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఏమేం సామాన్లు కావాలి? హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

జాకీ, రెండు స్టాండ్లు, వీల్ పానా, సాకెట్ సెట్టు, రింగు పానాలు, టార్క్ రెంచి, పిస్టన్ నొక్కడానికి పెద్ద సీ క్లాంప్, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు, కట్టడానికి గట్టి తీగ. పైపు కూడా విప్పేట్టయితే కొత్త రాగి వాషర్లు, సీల్ తీయని బ్రేక్ ఆయిల్ డబ్బా, నిప్పల్‌కి బిగుతుగా పట్టే పారదర్శకమైన చిన్న ట్యూబు.

పనిముట్లకు రాణీగంజ్ వెళ్లండి, స్పేర్ పార్టులకు రాణీగంజ్ కానీ, కోఠీ దగ్గర పుత్లీబౌలీ కానీ. పార్టుల షాపుకి వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫొటో, ఛాసిస్ నంబరు, విప్పిన పాత ప్యాడ్ వెంట తీసుకెళ్లండి. ఒకే మోడల్‌లో పెట్రోల్‌కీ డీజిల్‌కీ, పాత వెర్షన్‌కీ కొత్తదానికీ కాలిపర్ మారిపోతుంటుంది. అన్నింటిలో జనం ఎగ్గొట్టేది టార్క్ రెంచి. కొనలేకపోతే అడిగి తెచ్చుకోండి, అది లేకుండా మాత్రం కూర్చోవద్దు.

కొత్త కాలిపర్ కొనాలా, కిట్ వేస్తే సరిపోతుందా, పాత సామాను మార్కెట్లో తీసుకోవచ్చా?

కిట్ అంటే లోపలి రబ్బరు సీలు, పైన దుమ్ము పడకుండా ఉండే బూటు. పిస్టన్ బయటికి తీసి చూసినప్పుడు దాని ఒంటి మీద, అది ముందుకీ వెనక్కీ జరిగే గుంతలో తుప్పు గుంటలు లేకపోతే కిట్ చాలు. పిస్టన్ మీద గుంటలుంటే పిస్టన్ కూడా మార్చాలి. గుంతలోనే, సీలు కూర్చునే గాడి దగ్గర తుప్పు తినేసి ఉంటే ఎన్ని కిట్లు వేసినా మళ్లీ కారుతుంది, కొత్తది కొనడమే. వాడేసిన కాలిపర్ విషయంలో నా మాట ఒకటే, వద్దు. అది ఏ బండిది, ఎన్నాళ్లు వాన నీళ్లలో పడి ఉంది అనేది అమ్మేవాడికీ తెలియదు. డోర్ హ్యాండిల్ కొనుక్కోండి అక్కడ, బ్రేకు కాదు.

## బండి లేపడం, చక్రం తీయడం

బండితో వచ్చిన జాకీ ఒక్కటే చాలదా?

చాలదు. ఆ జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చింది. కాలిపర్ బోల్టు కోసం మీరు పానా మీద బలం వేసి లాగుతారు, బండి ఊగుతుంది, జాకీ పక్కకు ఒరుగుతుంది. బండిని స్టాండ్ మీద కూర్చోబెట్టి, జాకీని కూడా ఆనించి ఉంచండి, తీసిన చక్రాన్ని డోర్ కింద ఛాసిస్ అంచుకి అడుగున తోసి పెట్టండి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ పేర్చి దాని మీద కారు నిలబెట్టేవాళ్లని చూస్తుంటాం. ఆ ఇటుక పగిలేముందు హెచ్చరించదు, ఒక్కసారిగా పొడి అయిపోతుంది.

వీల్ నట్లు ఎప్పుడు వదులు చేయాలి?

చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు, అర చుట్టు. లేపాక పూర్తిగా తీయండి. మారుతి కార్లలో ఎక్కువగా 19 సైజు, హ్యుందాయ్‌లో 21, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో నట్టుకు బదులు 17 సైజు బోల్టు ఉంటుంది.

హ్యాండ్ బ్రేకు వేసి ఉంచాలా?

వేయండి. అది వెనక చక్రాలకు సంబంధించింది, ముందు పనికి అడ్డం రాదు. ఫస్ట్ గేరులో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, వెనక చక్రాలకు రెండువైపులా రాళ్లు అడ్డం పెట్టండి.

## విప్పడం

వెనక నాలుగు బోల్టులు కనిపిస్తున్నాయి. ఏవి విప్పాలి?

చిన్నవి రెండు కాలిపర్‌ని గైడ్ పిన్నులకు పట్టి ఉంచుతాయి, సాధారణంగా 12 లేదా 14 సైజు. పెద్దవి రెండు బ్రాకెట్‌ని (ప్యాడ్లు కూర్చునే చట్రాన్ని) చక్రం వెనక ఉండే నకిల్‌కి పట్టి ఉంచుతాయి, ఎక్కువగా 17 సైజు. ప్యాడ్లు మార్చడానికే అయితే చిన్నవి చాలు, చాలా కార్లలో కింది బోల్టు ఒక్కటి తీసి కాలిపర్‌ని పైకి తిప్పేసినా పని అవుతుంది. డిస్క్ తీయాలన్నా, బ్రాకెట్‌ని బయట పెట్టి శుభ్రం చేయాలన్నా పెద్దవి కూడా విప్పాలి. కొన్ని ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో చిన్న బోల్టుల చోట రబ్బరు మూత కింద 7 సైజు అలెన్ పిన్నులుంటాయి. స్టీరింగ్ ఒకవైపుకి పూర్తిగా తిప్పి పెట్టుకుంటే బోల్టులు చేతికి అందుతాయి, నేల మీద పడుకోవాల్సిన పని ఉండదు.

బోల్టు అస్సలు కదలట్లేదు. సుత్తితో కొట్టనా?

ముందు మర చుట్టూ వైర్ బ్రష్‌తో మట్టి దులిపి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట వదిలేయండి. ఆ స్ప్రే డిస్క్ మీద, ప్యాడ్ల మీద పడకూడదు, గుడ్డ అడ్డం పెట్టండి. తర్వాత ఆరు మూలల సాకెట్ వేసి పొడవు రాడ్డుతో ఒక్క జర్కు ఇవ్వండి. పన్నెండు మూలల పానా, కొంచెం వదులుగా ఉన్న అడ్జస్టబుల్ పానా వేస్తే బోల్టు తల గుండ్రం అయిపోతుంది, అక్కడితో సాయంత్రం అంతా పోయినట్టే. ఏ వైపు తిప్పుతున్నారో కూడా ఒకసారి చూసుకోండి. వెనక నుంచి చూస్తూ తిప్పేటప్పుడు దిశ తికమక అయి, విప్పుతున్నాననుకుంటూ బిగించేవాళ్లు తక్కువేం కాదు.

బోల్టుతో పాటు పిన్ను కూడా తిరిగిపోతోంది. ఎలా?

పిన్ను మెడ దగ్గర రెండు చదును అంచులు ఉంటాయి. అక్కడ పల్చటి ఓపెన్ పానా వేసి పట్టుకుని బోల్టు తిప్పండి. లేకపోతే బోల్టు రాదు సరికదా, తిరిగి తిరిగి పిన్ను మీది రబ్బరు బూటు చినుగుతుంది.

బోల్టులు వచ్చాయి కానీ కాలిపర్ డిస్క్ మీంచి రావట్లేదు.

పాత డిస్క్ అరిగి అంచున గట్టు తేలి ఉంటుంది, ప్యాడ్లు దానికి తట్టుకుంటున్నాయి. ఇంజిన్ గదిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, కాలిపర్‌ని బయటికి మీ వైపు నెమ్మదిగా లాగండి, పిస్టన్ కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఆ మాత్రం సందు చాలు. స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్ బూటు మీద ఆనించి తిప్పొద్దు.

విప్పిన కాలిపర్ వేలాడదీస్తే ఏమవుతుంది?

కాలిపర్ మూడు నాలుగు కిలోల ఇనుము. ఆ బరువంతా రబ్బరు పైపు మీద పడితే పైపు లోపలి పొర చిరుగుతుంది, బయటికి ఏమీ తెలియదు, కొన్నాళ్లకు ఆ చక్రం బ్రేకు పట్టుకుని వదలదు. తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. పైపు మెలి పడకుండా చూసుకోండి.

కాలిపర్ తీసి ఉండగా ఎవరైనా బ్రేకు తొక్కితే?

పిస్టన్ బయటికి తోసుకొస్తుంది, ఇంకోసారి తొక్కితే ఊడి కింద పడుతుంది, ఆయిలంతా నేలపాలు. పిల్లలు బండిలో ఎక్కి ఆడుకోకుండా తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.

పైపు విప్పితే ఆయిల్ కారిపోతూనే ఉంది. ఎలా ఆపాలి?

విప్పకముందే బ్రేకు పెడల్‌ని అంగుళం, అంగుళంన్నర దింపి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర ఆనించి పెట్టండి. అప్పుడు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసే భాగంలో) డబ్బా నుంచి ఆయిల్ దిగే రంధ్రం మూసుకుంటుంది, పైపు విప్పినప్పుడు మొదట కాస్త చిమ్మి ఆగిపోతుంది. అలా పెట్టినంతసేపూ బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, గంటల తరబడి అయితే బ్యాటరీ వైరు తీసేయండి. పట్టకారుతో రబ్బరు పైపు నొక్కి పట్టడం మన షెడ్లలో మామూలే, కానీ పైపు లోపల తెగేది అక్కడే.

పైపు చివర శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టండి, దుమ్ము పోకుండా. ఆయిల్ బండి పెయింట్ మీద పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. ఆలస్యమైతే పెయింట్ పొంగి లేచిపోతుంది.

## శుభ్రం, గ్రీజు, పిస్టన్

పెట్రోల్ పోసి కడిగితే సరిపోదా? షెడ్‌లో అలాగే చేస్తారు కదా.

ఇనుము శుభ్రం అవుతుంది, రబ్బరు పాడవుతుంది. బ్రేకుల్లో వాడే సీళ్ల రబ్బరుకి పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజిన్ ఆయిలు, ఏదీ పడదు, ఉబ్బిపోతుంది. బ్రాకెట్‌కి బ్రేక్ క్లీనర్ వాడండి, లోపలి సీళ్లు, పిస్టన్ మాత్రం కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. ప్యాడ్ల నల్ల దుమ్ముని గాలి పైపుతో ఊదొద్దు, నోటితో అసలే ఊదొద్దు. కొన్ని చవక ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి.

గైడ్ పిన్నులకి ఏ గ్రీజు పెట్టాలి? మామూలు గ్రీజు ఇంట్లో ఉంది.

ఇంట్లో ఉన్నది తలుపు బందులకు పెట్టుకోండి. పిన్నులకు సిలికాన్ గ్రీజు, లేదా డబ్బా మీద "బ్రేక్ కాలిపర్ పిన్నులకు, రబ్బరుకి హాని లేదు" అని రాసి ఉన్నదే పెట్టాలి. మామూలు బేరింగ్ గ్రీజు పెడితే మొదటి రోజు పిన్ను వేలితో తోస్తే జారిపోతుంది, చేసినవాడికీ చేయించుకున్నవాడికీ తృప్తిగా ఉంటుంది. కొన్ని నెలలకు బూటు రబ్బరు ఉబ్బి పిన్నుని పట్టేస్తుంది, వేడికి గ్రీజు ఎండి జిగురు కడుతుంది, మళ్లీ లోపలి ప్యాడ్ ఒక్కటే అరగడం మొదలు. "మొన్ననే గ్రీజు పెట్టించాను, అయినా జామ్ అయింది" అనేవాళ్లని అడిగితే చాలాసార్లు కథ ఇదే.

పాత గ్రీజు పూర్తిగా తుడిచేయండి. పిన్ను దూరే రంధ్రం లోపల కూడా, చిన్న బ్రష్‌తో క్లీనర్ కొట్టి, పొడి గుడ్డ తిప్పి తీస్తే నల్లగా వస్తుంది, తెల్లగా వచ్చేదాకా తిప్పాలి. పిన్ను మీద తుప్పు మచ్చ గోటికి తగులుతుంటే గరుకు కాగితంతో రుద్దే పని పెట్టుకోకుండా పిన్నే మార్చండి, ఖరీదేమీ కాదు. గ్రీజు పల్చగా, చుట్టూ సమంగా. రంధ్రం నిండా కూరితే గాలికి చోటు లేక పిన్ను వెనక్కి తన్నుతుంది. చాలా కాలిపర్లలో రెండు పిన్నులూ ఒకేలా ఉండవు, ఒకదాని చివర చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైది, ఏది కిందిది అనేది విప్పేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి, తారుమారైతే పట్టేస్తాయి.

బిగించాక కాలిపర్‌ని చేత్తో అటూ ఇటూ తోసి చూడండి. రెండు వేళ్ల బలంతో జరగాలి. వానల్లో లోతట్టు రోడ్ల మీద నీళ్లలో నానిన బండి అయితే, ఆ సీజన్ అయ్యాక ఒకసారి ఈ పిన్నులు తీసి చూడటం మంచిది.

పిస్టన్ లోపలికి వెళ్లట్లేదు. ఎంత బలం వేయాలి?

సీ క్లాంప్‌కి, పిస్టన్‌కి మధ్య పాత ప్యాడ్ పెట్టి, నిదానంగా బిగిస్తూ పోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిస్టన్ ఒకే బలంతో మెల్లగా జారుతుంది. ఎక్కడో ఆగి, తర్వాత జర్కుతో వెళ్తే లోపల తుప్పు ఉన్నట్టు. నొక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి వెళ్లి డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగితే కింద పెయింట్ పోతుంది కాబట్టి ముందే సిరంజితో కొంచెం తీసేయండి. నేనైతే నిప్పల్‌కి ట్యూబు తగిలించి, కొంచెం వదులు చేసి, ఆ మురికి ఆయిల్‌ని బయటికే పోనిస్తాను, ఏబీఎస్ యూనిట్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ అవకుండా చూసే పెట్టె) దాకా వెనక్కి తోయడం నాకు ఇష్టం ఉండదు. నొక్కడం అవగానే క్లాంప్ వదలకముందే నిప్పల్ బిగించాలి, లేకపోతే గాలి పీలుస్తుంది.

ఇదంతా ముందు చక్రాలకే. వెనక కూడా డిస్కులుండి, కాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేకు ఉన్న కార్లలో పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, నేరుగా నొక్కితే విరుగుతుంది.

డిస్క్ కూడా మార్చాలా?

డిస్క్ మీదే కనీస మందం మిల్లీమీటర్లలో పోసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలిచి, అంతకు తగ్గితే మార్చండి, రెండువైపులా కలిపి. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంటే డిస్క్ మందంలో తేడా ఉందేమో చూడాలి. వాన తర్వాత కనిపించే ఎర్రటి తుప్పు పొర జబ్బు కాదు, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది.

## తిరిగి బిగించడం

కుడి కాలిపర్, ఎడమ కాలిపర్ ఒకేలా ఉన్నాయి. ఏది ఎటు వేసినా ఒకటేనా?

కాదు. బోల్టులు రెండూ చక్కగా సరిపోతాయి, అక్కడే మోసపోతారు. సరైన వైపు వేస్తే బ్లీడర్ నిప్పల్ పైన ఉంటుంది. తారుమారైతే కిందకి వస్తుంది, గాలి పైన ఇరుక్కుని, లీటర్ల ఆయిల్ పోసి బ్లీడ్ చేసినా బయటికి రాదు.

రాగి వాషర్లు పాతవే వేస్తే ఏమవుతుంది?

కారుతుంది, ఇవాళ కాకపోతే పదిరోజులకు. పైపు చివర బోల్టుకి అటొకటి ఇటొకటి రెండు వాషర్లు ఉంటాయి, బిగించినప్పుడు అవి నలిగి సందు మూస్తాయి. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా నలగదు. కొత్తవి వేయండి, పాతది అతుక్కుని కిందే ఉండిపోయిందేమో చూసి మరీ వేయండి, దాని మీద ఇంకోటి పడితే కారడం ఖాయం.

ఎంత బిగించాలి? చేతి అంచనా సరిపోదా?

చిన్న బోల్టులకు చాలా కార్లలో 22 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య, బ్రాకెట్ పెద్ద బోల్టులకు 80 నుంచి 110 మధ్య ఉంటుంది, మీ కారుది మాన్యువల్‌లో చూసి పెట్టండి. చేతి అంచనాతో జరిగేది ఏమిటంటే, చిన్నవాటిని అతిగా బిగించి మర కోసేస్తారు, పెద్దవాటిని తక్కువ బిగిస్తారు. బ్రాకెట్ బోల్టు ఊడితే కాలిపర్ చక్రంతో పాటు తిరిగి రిమ్ముని కొడుతుంది. వీల్ నట్లు కూడా చక్రం నేలకు ఆనాక, ఎదురెదురుగా ఉన్నవాటిని వరసగా టార్క్ రెంచితోనే బిగించండి.

చక్రం వేయకముందు స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, పైపు ఎక్కడా మెలి పడట్లేదని, సాగట్లేదని, చక్రానికి రాసుకునేంత దగ్గరగా లేదని చూడండి.

ప్యాడ్ల క్లిప్పులు పాతవి బాగానే ఉన్నాయి, కొత్తవి ఎందుకు?

ప్యాకెట్‌లో వస్తే వేసేయండి. వాటి కింద బ్రాకెట్ మీద తుప్పు పొర గీకకపోతే మాత్రం కొత్త క్లిప్పులు వేసినా ప్యాడ్ బిగుసుకుంటుంది.

## బ్లీడింగ్

ఒక్క కాలిపర్ మారిస్తే నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయాలా?

డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకుని ఉంటే, విప్పిన చక్రం ఒక్కటి చేస్తే సాధారణంగా చాలు. డబ్బా ఖాళీ అయిపోతే నాలుగూ చేయాలి, ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే స్కానర్‌తో దాని పంపు తిప్పాల్సి రావచ్చు, అది షెడ్ పని. రెండు ముందు చక్రాలూ విప్పితే, మన కుడి స్టీరింగ్ కార్లలో మాస్టర్ సిలిండర్ కుడివైపే ఉంటుంది కాబట్టి మామూలుగా దూరంగా ఉన్న ఎడమ చక్రంతో మొదలుపెడతారు. మీ కంపెనీ వేరే వరస చెబితే దాని ప్రకారమే చేయండి.

ఇద్దరం ఉన్నాం. ఎవరు ఏం చేయాలి?

ఒకరు డ్రైవర్ సీట్లో, ఒకరు చక్రం దగ్గర. నిప్పల్‌కి ట్యూబు తగిలించి, ఇంకో చివర కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో మునిగేలా పెట్టండి. చక్రం దగ్గరున్నవాళ్లు "తొక్కు" అంటే లోపలివాళ్లు నిదానంగా తొక్కి, "పట్టుకున్నా" అని గట్టిగా చెప్పాలి. అప్పుడు నిప్పల్ వదలాలి, బుడగలు వస్తాయి, పెడల్ కిందికి పోతుంది. నిప్పల్ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే బయటికి పంపిన గాలి మళ్లీ లోపలికి. ఇంట్లోవాళ్లని కూర్చోబెడితే ఈ మూడు మాటలూ ముందే రిహార్సల్ చేసుకోండి, సగం గొడవలు అక్కడే. పాత బండి పెడల్‌ని నేలదాకా తొక్కించొద్దు, కింద చిన్న చెక్క పెట్టండి. ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్లి మాస్టర్ సిలిండర్ సీళ్లు చిరిగే ప్రమాదం ఉంది. నాలుగైదుసార్లకు ఒకసారి డబ్బాలో మట్టం చూసి నింపుతూ ఉండాలి.

ఏ బ్రేక్ ఆయిల్ వేయాలి? పోయినేడాది సగం వాడిన డబ్బా ఉంది.

ఆ సగం డబ్బా పక్కన పడేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, నీరు చేరితే తక్కువ వేడికే మరుగుతుంది. ఇంజిన్ గదిలో ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే కొనండి. డాట్ 3 కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన స్థితికి ఆ లెక్కలు 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. డాట్ 5 అనేది సిలికాన్‌తో చేసింది, వీటితో కలపకూడదు. డబ్బాలో ఆయిల్ కాఫీ డికాషన్ రంగుకి తిరిగి ఉంటే ఈ పనితో పాటే మొత్తం మార్చేయండి, ఎలాగూ చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమంటాయి.

ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగా పోతోంది.

నిప్పల్ పైన ఉందా కింద ఉందా చూడండి, వాషర్ల దగ్గర తడి ఉందా చూడండి. ప్యాడ్ వంకరగా కూర్చున్నా, క్లిప్పు మీద ఎక్కి ఉన్నా పెడల్ మెత్తగానే ఉంటుంది, అది గాలి కాదు. కాలిపర్‌ని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి మళ్లీ బ్లీడ్ చేస్తే గోడలకు పట్టుకున్న బుడగలు వస్తాయి. పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతూ, ఎక్కడా కారడం లేకపోతే మాస్టర్ సిలిండర్ మీద అనుమానం పెట్టుకుని బండిని అక్కడే ఆపేయండి.

## రోడ్డెక్కేముందు

అంతా అయిపోయింది, ఇక స్టార్ట్ చేసి వెళ్లొచ్చా?

ముందు కూర్చుని పెడల్ తొక్కండి. పిస్టన్ వెనక్కి నొక్కి ఉంది కాబట్టి మొదటి కొన్ని తొక్కులు ఖాళీగా నేలదాకా పోతాయి, గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోయి రివర్స్ తీసి సెల్లార్ గోడకి కొట్టినవాళ్లు ఉన్నారు. ఇంజిన్ స్టార్ట్ చేశాక మళ్లీ ఒకసారి తొక్కి, ఆయిల్ మట్టం చూసి, మూత బిగించి, కాలిపర్ వెనక టార్చ్ కొట్టి తడి లేదని చూశాకే కదలండి. అదే స్లాట్‌లో రెండడుగులు ముందుకీ వెనక్కీ జరిపి ఆపి చూడండి.

కొత్త ప్యాడ్లు వెంటనే పట్టట్లేదు. ఎక్కడ తిప్పాలి?

పొద్దున్నే ఖాళీగా ఉండే కాలనీ రోడ్డు చూసుకోండి. 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, ఓ మోస్తరుగా బ్రేకు వేస్తూ ఎనిమిది పదిసార్లు తగ్గించండి, మధ్యలో చల్లారడానికి కాస్త దూరం నడపండి, పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. ఔటర్ రింగు రోడ్డు మీద 120 అనుమతి ఉంది కదా అని మొదటి పరీక్ష అక్కడ పెట్టొద్దు. అమీర్‌పేట, పంజాగుట్ట సాయంత్రం ట్రాఫిక్ కూడా దీనికి పనికిరాదు, మీ ముందు స్కూటర్ వాడికి మీ ప్యాడ్లు కొత్తవని తెలియదు.

కొత్తగా కీచుమంటోంది, టకటకమంటోంది.

కీచుమనేది ప్యాడ్లు డిస్క్‌కి అలవాటు పడేదాకా కొన్నాళ్లు ఉండొచ్చు, పోకపోతే ప్యాడ్ వెనక రేకు వేశారా లేదా చూడండి. గుంతల్లో టకటకమంటే క్లిప్పు సరిగా కూర్చోలేదు, లేదా బోల్టు వదులుగా ఉంది. రెండోదైతే వాయిదా వేసే విషయం కాదు, ఆపి చూడాల్సిందే.

రేపే శ్రీశైలం వెళ్లాలి. ఇవాళ కాలిపర్ విప్పితే పర్వాలేదా?

వెళ్లేది వాయిదా వేయండి, లేదా వేరే బండిలో వెళ్లండి. దోమలపెంట దాటాక ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు గంటల కొద్దీ సిటీ ట్రాఫిక్‌లో పడని వేడి నిమిషాల్లో పడతాయి. కొత్తగా చేసిన పనిలో సన్నటి లీకు ఉన్నా, కాస్త గాలి మిగిలినా అది బయటపడేది అక్కడే. నాలుగు రోజులు సిటీలో తిప్పి, ఒకసారి చక్రం తీసి వాషర్ల దగ్గర చూసి, నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూసుకుని అప్పుడు బయల్దేరండి. ఘాట్‌లో ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగండి, ఇంజిన్ పట్టి ఉంచుతుంది. దిగుతుండగా కాలుతున్న వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా పక్కన వెడల్పు చూసి ఆపి బ్రేకులు చల్లారనివ్వండి, వేడి డిస్క్ మీద నీళ్లు పోయొద్దు.

తీసిన పాత బ్రేక్ ఆయిల్ డ్రైనేజీలో పోసేయొచ్చా?

పోయొద్దు. మూత ఉన్న సీసాలో పోసి, "బ్రేక్ ఆయిల్" అని రాసి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్‌లో ఇవ్వండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి సెల్లార్‌లో వదిలేస్తే ఎవరైనా తాగే ప్రమాదం ఉంది, అది విషం.